ఇంజను చుట్ల నుండి కారు వేగాన్ని లెక్కించడం

కారు ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో, ఆ సమయంలో ఏ గేరు పడి ఉన్నదో, చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఎంత దూరం కదులుతుందో తెలిస్తే, ఆ కారు రోడ్డు మీద ఎంత వేగంతో పోతున్నదో స్పీడోమీటరు చూడకుండానే లెక్కకట్టవచ్చును. దీనికి కావలసిన గణితం గుణకారం, భాగహారం మాత్రమే. ఉన్నత పాఠశాల విద్యార్థి తేలికగా చేయగలడు.

ఈ లెక్కలో ఇంజను శక్తికి గాని, కారు బరువుకు గాని, రోడ్డు ఎత్తుపల్లాలకు గాని చోటు లేదు. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. క్లచ్చి పూర్తిగా పట్టుకొని ఉన్నంతసేపు ఇంజనుకూ చక్రానికీ మధ్య ఉన్నది పళ్ళచక్రాల వరుస. ఒక చివర తిరిగితే రెండవ చివర నిర్ణీతమైన లెక్కలో తిరిగి తీరవలసిందే. ఈ వరుసలో మనకు కచ్చితంగా తెలియనిది ఒక్కటే, అది టైరు. లెక్కలో వచ్చే తేడాలు చాలావరకు టైరు దగ్గరే పుడతాయి. స్పీడోమీటరు చెప్పే మాటలో నిజమెంత అన్నది కూడా టైరు మీదనే ఆధారపడి ఉంటుంది.

ఇంజను నుండి చక్రం వరకు

ఇంజనులో తిరిగే ప్రధాన భాగం క్రాంకు షాఫ్టు. అది నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యనే ఇంజను భ్రమణ వేగం అంటారు. వాడుకలో దీనిని ఆర్‌పీఎం అని పిలుస్తారు; కారు ముందు పలక మీద దీనిని చూపే పరికరం టాకోమీటరు. దాని మీద సాధారణంగా 1, 2, 3 అనే అంకెలు ఉండి, "వెయ్యితో గుణించవలెను" అన్న సూచన ఉంటుంది.

క్రాంకు షాఫ్టు భ్రమణం క్లచ్చి ద్వారా గేరు పెట్టెలోకి పోతుంది. అక్కడ మనం ఎంచుకున్న గేరును బట్టి చుట్లు తగ్గుతాయి, లేదా కొద్దిగా పెరుగుతాయి. గేరు పెట్టె నుండి బయటకు వచ్చిన భ్రమణం ఇంకొకసారి, అంటే డిఫరెన్షియల్ దగ్గర ఉండే పినియను, క్రౌను చక్రాల జత దగ్గర, బాగా తగ్గుతుంది. దీనిని చివరి తగ్గింపు అందాము. ఆ తరువాత ఇరుసుల ద్వారా చక్రాలు తిరుగుతాయి.

డిఫరెన్షియల్ వల్ల మలుపులో లోపలి చక్రం తక్కువగా, బయటి చక్రం ఎక్కువగా తిరుగుతాయి. అయితే ఆ రెండింటి సగటు ఎప్పుడూ క్రౌను చక్రం చుట్లకు సమానంగా ఉంటుంది. కాబట్టి మనకు లెక్కలో వచ్చేది రెండు చక్రాల మధ్యనున్న బిందువు యొక్క వేగం. తిన్నని రోడ్డు మీద ఈ తేడాను పట్టించుకోనవసరం లేదు.

గేరు నిష్పత్తి

ఒక జత పళ్ళచక్రాలలో నడపబడే చక్రం పళ్ళ సంఖ్యను నడిపే చక్రం పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే గేరు నిష్పత్తి. నడిపే చక్రానికి 10 పళ్ళు, నడపబడే చక్రానికి 43 పళ్ళు ఉంటే నిష్పత్తి 43 ÷ 10 = 4.3. అంటే మొదటిది 4.3 చుట్లు తిరిగితే రెండవది ఒక చుట్టు తిరుగుతుంది. చుట్లు తగ్గినంత మేరకు తిప్పే బలం (టార్కు) పెరుగుతుంది. ఆగి ఉన్న బండిని కదిలించడానికి బలం ఎక్కువ కావాలి కనుక మొదటి గేరుకు పెద్ద నిష్పత్తిని ఇస్తారు.

ఇక్కడ విద్యార్థులకు ఒక చిన్న ముచ్చట. 43కు బదులు 40 పళ్ళు పెట్టి నిష్పత్తిని చక్కగా 4 చేయవచ్చును గదా అన్న సందేహం రావచ్చు. 10, 40 తీసుకుంటే చిన్న చక్రంలోని ఒక్కొక్క పన్ను ఎప్పుడూ పెద్ద చక్రంలోని అవే నాలుగు పళ్ళను తాకుతుంది. ఏదైనా ఒక పన్నులో లోపం ఉంటే, దాని దెబ్బ ఎప్పుడూ ఆ కొన్ని పళ్ళ మీదనే పడి అవి త్వరగా అరుగుతాయి. 10, 43 లకు గ.సా.భా. 1 కనుక, వాటి క.సా.గు. 430. అంటే చిన్న చక్రం 43 చుట్లు తిరిగే లోపల దాని ప్రతి పన్ను అవతలి చక్రంలోని ప్రతి పన్నునూ ఒక్కొక్కసారి తాకుతుంది; అరుగుదల అన్నిటికీ సమంగా పంచబడుతుంది. కార్ల వివరాలలో 4.3, 4.1 వంటి దశాంశ నిష్పత్తులు ఎక్కువగా కనబడడానికి ఇది ఒక కారణం. క.సా.గు. ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకు ఇంతకంటె మంచి జవాబు దొరకడం కష్టం.

గేరు పెట్టె నిష్పత్తినీ, చివరి తగ్గింపు నిష్పత్తినీ గుణిస్తే వచ్చేది మొత్తం నిష్పత్తి. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో ఇది చెబుతుంది.

టైరు పరిధి

లెక్కలో కష్టమైన భాగం ఇది. టైరు పక్కన 185/60 ఆర్ 14 వంటి గుర్తు ఉంటుంది. ఇందులో 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం. "ఆర్" అక్షరం రేడియల్ టైరు అని తెలుపుతుంది. చివరి 14 చక్రపు రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఒకే గుర్తులో మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు కలిపి రాయడం వింతగానే ఉంటుంది గాని, ప్రపంచమంతటా ఇదే అలవాటు.

రిమ్ము వ్యాసం 14 × 25.4 = 355.6 మి.మీ. పక్కగోడ ఎత్తు 185 × 0.60 = 111 మి.మీ. పక్కగోడ పైన ఒకసారి, కింద ఒకసారి వస్తుంది కనుక టైరు మొత్తం వ్యాసం 355.6 + 222 = 577.6 మి.మీ. దీనిని పై (3.1416) తో గుణిస్తే పరిధి 1,815 మి.మీ. వస్తుంది.

కాని నిజంగా రోడ్డు మీద ఆ టైరు ఒక్క చుట్టులో 1,815 మి.మీ. కదలదు. బండి బరువు వల్ల టైరు అడుగున కొంత చదునవుతుంది. అందుచేత ఇరుసు నుండి నేలకు ఉన్న ఎత్తును వ్యాసార్ధంగా తీసుకోవాలని కొందరు అంటారు. అదీ సరికాదు, అలా చేస్తే పరిధి మరీ తక్కువగా వస్తుంది. రేడియల్ టైరులో తొక్కుడు భాగం కింద ఉక్కు తీగలతో చేసిన పట్టీ చుట్టూ ఉంటుంది. అది దాదాపుగా సాగదు. టైరు అడుగున నొక్కుకుపోయినా ఆ పట్టీ పొడవు మారదు. ట్యాంకు బండి గొలుసు ఎలాగైతే తన పొడవంత దూరం పరచుకుంటూ పోతుందో, ఈ పట్టీ కూడా ఒక చుట్టులో సుమారు తన పొడవంత దూరమే పోతుంది. ఆ పట్టీ టైరు పైతలానికి కొన్ని మిల్లీమీటర్ల లోపల ఉంటుంది కనుక దాని చుట్టుకొలత బయటి పరిధి కంటె కొద్దిగా తక్కువ.

అందువలన ఐరోపా టైరు ప్రమాణాలలో రేడియల్ టైరు దొర్లే పరిధిని లెక్కించడానికి వ్యాసాన్ని 3.1416కు బదులు 3.05తో గుణిస్తారు. పై టైరుకు 577.6 × 3.05 = 1,762 మి.మీ., అంటే 1.762 మీటర్లు వస్తుంది. మొదటి లెక్క కంటె ఇది సుమారు 3 శాతం తక్కువ. ఈ 3 శాతాన్ని వదిలేసి చేసిన లెక్కలు పత్రికలలో తరచుగా కనబడతాయి. వాటిలో వేగం ఎప్పుడూ కొంచెం ఎక్కువగా ఉంటుంది.

సూత్రాలను నమ్మడం ఇష్టం లేనివారు నేరుగా కొలుచుకోవచ్చును. టైరులో గాలి సరిగా నింపి, కారులో మామూలుగా ఎక్కే మనుషులను కూర్చోబెట్టి, టైరు అడుగునా నేల మీదా ఒకే చోట సుద్దముక్కతో గీత గీయాలి. చదును నేల మీద కారును నెమ్మదిగా తోస్తూ టైరు మీది గీత ఐదుసార్లు నేలను తాకేవరకు పోనిచ్చి, మొత్తం దూరాన్ని టేపుతో కొలిచి ఐదుతో భాగించాలి. ఒక్క చుట్టుకే కొలిస్తే గీత వెడల్పే పెద్ద దోషమవుతుంది. ఐదు చుట్లలో ఆ దోషం ఐదో వంతుకు తగ్గుతుంది.

గాలి కొంత తగ్గినప్పుడు దొర్లే పరిధి చాలా స్వల్పంగానే మారుతుంది, కారణం పైన చెప్పిన పట్టీయే. కొన్ని కార్లలో చక్రాల చుట్లను ఒకదానితో ఒకటి పోల్చి, గాలి తగ్గిన టైరును కనిపెట్టే ఏర్పాటు ఈ స్వల్పమైన తేడా మీదనే పని చేస్తుంది. టైరు అరిగినప్పుడు ఎంత మారుతుందన్నది కొంచెం చిక్కు ప్రశ్న. తొక్కుడు భాగం 6 మి.మీ. అరిగితే వ్యాసం 12 మి.మీ. తగ్గుతుంది కనుక పై టైరులో తేడా 2 శాతం ఉండాలి. పట్టీ పొడవు మారలేదు కనుక తేడా ఉండరాదని రెండవ వాదన. వాస్తవం ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది.

సూత్రం

ఇంజను నిమిషానికి తిరిగే చుట్లను మొత్తం నిష్పత్తితో భాగిస్తే చక్రం నిమిషానికి తిరిగే చుట్లు వస్తాయి. వాటిని టైరు దొర్లే పరిధితో (మీటర్లలో) గుణిస్తే కారు నిమిషానికి పోయే మీటర్లు వస్తాయి. 60తో గుణించి 1000తో భాగిస్తే గంటకు కిలోమీటర్లు. 60 ÷ 1000 = 0.06 కనుక,

వేగం (గంటకు కి.మీ.) = 0.06 × ఇంజను చుట్లు × టైరు పరిధి (మీటర్లు) ÷ (గేరు నిష్పత్తి × చివరి నిష్పత్తి)

అంగుళాలు, మైళ్ళు వాడే అమెరికాలో ఇదే సూత్రాన్ని ఇంకొక రూపంలో గుర్తుంచుకుంటారు: చుట్లను టైరు వ్యాసంతో (అంగుళాలలో) గుణించి, 336తోనూ మొత్తం నిష్పత్తితోనూ భాగిస్తే గంటకు మైళ్ళు. మైలుకు 63,360 అంగుళాలు. దానిని 60తోనూ, పైతోనూ భాగిస్తే 336 వస్తుంది. ఆ సంఖ్యలో వేరే రహస్యమేమీ లేదు. అయితే అందులో వాడేది పై కనుక ముందు చెప్పిన 3 శాతం తేడా అందులో ఉండిపోతుంది.

ఒక కారు ఉదాహరణ

జపాను దేశపు మజ్డా సంస్థ 1989లో విడుదల చేసిన ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారును తీసుకుందాము. 1.6 లీటర్ల ఇంజను గల తొలి నమూనాలో నిష్పత్తులు ఇవి: మొదటి గేరు 3.136, రెండవది 1.888, మూడవది 1.330, నాలుగవది 1.000, ఐదవది 0.814, చివరి తగ్గింపు 4.300. టైర్లు పైన లెక్కించిన 185/60 ఆర్ 14. ఈ కారును ఎంచుకోవడానికి కారణం, దాని నాలుగవ గేరు సరిగ్గా 1 కావడం. ఇంజను ముందు నిలువుగా అమర్చి వెనుక చక్రాలను నడిపే ఇటువంటి కార్లలో నాలుగవ గేరు వేసినప్పుడు భ్రమణం గేరు పెట్టె గుండా తిన్నగా పోతుంది. ఐదవ గేరులో నిష్పత్తి ఒకటి కంటె తక్కువ కనుక గేరు పెట్టె నుండి బయటకు వచ్చే షాఫ్టు ఇంజను కంటె వేగంగా తిరుగుతుంది.

ఐదవ గేరులో మొత్తం నిష్పత్తి 0.814 × 4.300 = 3.50. ఇంజను 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు వేగం 0.06 × 3000 × 1.762 ÷ 3.50 = 90.6 కి.మీ.

ప్రతిసారీ ఇంత లెక్క వేయకుండా, ఒక్కొక్క గేరులో వెయ్యి చుట్లకు ఎంత వేగమో ఒకసారి రాసి పెట్టుకుంటే చాలు. బ్రిటిషు కార్ల పత్రికలు తమ పరీక్షా ఫలితాలలో ఈ సంఖ్యను చాలా కాలంగా ప్రచురిస్తూ వచ్చాయి. మన ఉదాహరణలోని కారుకు అవి ఇలా ఉంటాయి:

మొదటి గేరు: మొత్తం నిష్పత్తి 13.48, వెయ్యి చుట్లకు 7.8 కి.మీ.; 7,000 చుట్ల వద్ద 55 కి.మీ.
రెండవ గేరు: మొత్తం నిష్పత్తి 8.12, వెయ్యి చుట్లకు 13.0 కి.మీ.; 7,000 చుట్ల వద్ద 91 కి.మీ.
మూడవ గేరు: మొత్తం నిష్పత్తి 5.72, వెయ్యి చుట్లకు 18.5 కి.మీ.; 7,000 చుట్ల వద్ద 129 కి.మీ.
నాలుగవ గేరు: మొత్తం నిష్పత్తి 4.30, వెయ్యి చుట్లకు 24.6 కి.మీ.; 7,000 చుట్ల వద్ద 172 కి.మీ.
ఐదవ గేరు: మొత్తం నిష్పత్తి 3.50, వెయ్యి చుట్లకు 30.2 కి.మీ.; 7,000 చుట్ల వద్ద 211 కి.మీ.

గేరు మార్చినప్పుడు ఏమవుతుంది

గేరు మార్చే క్షణంలో కారు వేగం దాదాపుగా మారదు; మారవలసింది ఇంజను చుట్లే. కొత్త చుట్లు = పాత చుట్లు × కొత్త నిష్పత్తి ÷ పాత నిష్పత్తి. రెండవ గేరులో 7,000 చుట్ల వద్ద మూడవ గేరుకు మారితే 7000 × 1.330 ÷ 1.888 = 4,931 చుట్లకు దిగుతుంది.

కింది గేరుకు మారినప్పుడు ఇదే సూత్రం ప్రమాదాన్ని చెబుతుంది. డ్రైవరు మూడవ గేరులో 6,500 చుట్ల వద్ద, అంటే 120 కి.మీ. వేగంతో పోతున్నాడనుకుందాము. గేరు కర్రను నాలుగవ గేరు కోసం వెనక్కు లాగుతూ, చేయి కొంచెం ఎడమకు పోయి రెండవ గేరు వేశాడు. నాలుగవ గేరు పడి ఉంటే ఇంజను 4,880 చుట్లకు దిగేది. రెండవ గేరులో అదే వేగానికి కావలసిన చుట్లు 120 ÷ 13.02 × 1000, అంటే 9,200కు పైమాట. క్లచ్చి వదలగానే చక్రాలే ఇంజనును ఆ వేగానికి తిప్పడం మొదలుపెడతాయి. చుట్లు హద్దు దాటకుండా ఇంధనాన్ని ఆపే ఏర్పాటు ఇక్కడ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఇప్పుడు ఇంజనును తిప్పుతున్నది ఇంధనం కాదు, కారు గతిశక్తి. పిస్టను, కనెక్టింగ్ రాడ్ల మీద పడే జడత్వ బలం చుట్ల వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 7,000తో పోల్చితే 9,200 చుట్ల వద్ద ఆ బలం సుమారు 73 శాతం ఎక్కువ. వాల్వు స్ప్రింగులు అంత వేగాన్ని అందుకోలేవు. చాలా ఇంజన్లలో వాల్వులు మూసుకొనే లోపలే పిస్టను వచ్చి కొట్టుకుంటుంది. ఒక్క క్షణంలో ఇంజను పనికిరాకుండా పోవచ్చును.

ఇదే గుణాన్ని మితంగా వాడుకుంటే మేలు కలుగుతుంది. తిరుమల వంటి ఘాట్ రోడ్ల మీద దిగేటప్పుడు కింది గేరు వేసుకోవాలని చెప్పేది ఇందుకే. 40 కి.మీ. వేగంతో నాలుగవ గేరులో పై కారు ఇంజను 1,630 చుట్లు మాత్రమే తిరుగుతుంది. రెండవ గేరులో సుమారు 3,070. చుట్లు పెరిగిన కొద్దీ ఇంజను ప్రతిఘటన పెరుగుతుంది, పెద్ద నిష్పత్తి వల్ల ఆ ప్రతిఘటన చక్రాల దగ్గర రెట్టింపుకు దగ్గరగా పనిచేస్తుంది. బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోకుండా ఉంటాయి.

గరిష్ఠ వేగం ఈ లెక్కకు అందదు

పై పట్టిక చూసి ఆ కారు 211 కి.మీ. వేగంతో పోతుందనుకోరాదు. వాస్తవంలో దాని గరిష్ఠ వేగం 185-190 కి.మీ. ప్రాంతంలో ఉంటుంది. గాలి నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి వేగం యొక్క ఘనానికి అనులోమంగా పెరుగుతుంది; వేగం రెట్టింపయితే కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. సుమారు 116 అశ్వశక్తి గల ఆ ఇంజను ఐదవ గేరులో 6,200 చుట్ల దగ్గరే గాలితో సరిసమానమై ఆగిపోతుంది. "ఈ వేగంలో ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతుంది" అన్న ప్రశ్నకు మాత్రమే ఈ సూత్రం జవాబు చెబుతుంది. అన్ని చుట్లు తిరగగల సత్తా ఆ గేరులో ఇంజనుకు ఉన్నదా అన్నది వేరే లెక్క.

స్పీడోమీటరు, టైరు మార్పిడి

స్పీడోమీటరు కూడా ఈ లెక్కనే చేస్తుంది, కాకపోతే గేరు పెట్టెకు ఇవతలి నుండి మొదలుపెడుతుంది. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు పొందిన పద్ధతిలో, తిరిగే కేబులు చివర ఒక అయస్కాంతం ఉంటుంది. అది తిరుగుతుంటే దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి గిన్నెను తమతో లాగుతాయి. ఒక సన్నని స్ప్రింగు దానిని వెనక్కు పట్టి ఉంచుతుంది. గిన్నెకు బిగించిన ముల్లే వేగాన్ని చూపుతుంది. కేబులు గేరు పెట్టె బయటి షాఫ్టు నుండి వస్తుంది కనుక ఏ గేరులో ఉన్నా తేడా రాదు. నేటి కార్లలో కేబులుకు బదులు సెన్సర్లు ఉన్నాయి. పద్ధతి ఏదైనా పరికరం లెక్కపెట్టేది చుట్లను, మీటర్లను కాదు. చుట్టుకు ఎన్ని మీటర్లన్నది కర్మాగారంలో నిర్ణయించిన సంఖ్య. టైరు మారితే ఆ సంగతి స్పీడోమీటరుకు తెలియదు.

మన రోడ్ల మీద బాగా తెలిసిన బండితో దీనిని చూద్దాము. మారుతి 800 టైర్లు 145/70 ఆర్ 12, వ్యాసం 304.8 + 203 = 507.8 మి.మీ. అదే సంస్థ 2000లో తెచ్చిన ఆల్టో కారు టైర్లు 145/80 ఆర్ 12, వ్యాసం 304.8 + 232 = 536.8 మి.మీ. రెండింటి వెడల్పు ఒకటే, రిమ్ము కొలతా ఒకటే. చూపులకు పెద్ద తేడా కనబడదు. కాని రెండవది 5.7 శాతం పెద్దది. మారుతి 800కు ఆల్టో టైర్లు వేస్తే, ఇదివరకు 80 కి.మీ. అయిన చోట ముల్లు 80 చూపుతున్నా కారు సుమారు 84.6 కి.మీ. వేగంతో పోతుంటుంది. 80 కి.మీ. హద్దు ఉన్న రోడ్డు మీద ముల్లును నమ్ముకున్న డ్రైవరు తనకు తెలియకుండానే హద్దు దాటుతాడు. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, బ్రేకు వేసినప్పుడు బండి ఆగడానికి కావలసిన దూరం కూడా దాదాపు 12 శాతం పెరుగుతుంది.

దూరం చూపే మీటరూ అదే దారి పడుతుంది. కొత్త టైర్లతో నిజంగా 10,570 కి.మీ. తిరిగితే మీటరు 10,000 చూపుతుంది. 10 లీటర్ల పెట్రోలుకు మీటరు 180 కి.మీ. చూపితే మైలేజి 18 అనుకుంటాము. నిజానికి అది 19. పెద్ద టైర్లు వేశాక మైలేజి పడిపోయిందని మెకానిక్కుతో వాదనకు దిగేవారు ముందు ఈ లెక్క వేసుకోవడం మంచిది.

ఐక్యరాజ్యసమితి 39వ వాహన నియమం ప్రకారం స్పీడోమీటరు నిజ వేగం కంటె తక్కువ ఎన్నడూ చూపరాదు. ఎక్కువ చూపితే, ఆ ఎక్కువ నిజ వేగంలో పదో వంతుకు 4 కి.మీ. కలిపిన దానిని మించరాదు. అంటే నిజంగా 80 కి.మీ. వేగంతో పోతుంటే ముల్లు 80కీ 92కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చును. అందువలన తయారీదారులు ముల్లు కొంచెం ఎక్కువే చూపేటట్లు అమర్చుతారు. ఫోనులోని జీపీఎస్ చూపే వేగం కారు చూపే వేగం కంటె తరచుగా తక్కువగా ఉండడానికి కారణం ఇదే, ఫోను చెడిపోలేదు. టైరు కొద్దిగా పెద్దదయినప్పుడు ఈ వెసులుబాటు ఆ తేడాను మింగివేయవచ్చును. అయితే ఎంత వెసులుబాటు ఉన్నదో తెలియకుండా దాని మీద ఆధారపడడం వివేకం కాదు.

కిలోమీటరు రాళ్ళతో సరిచూసుకోవడం

జాతీయ రహదారి మీద ముల్లును ఒకే చోట నిలిపి నడుపుతూ, పక్కన కూర్చున్న వారిని (డ్రైవరును కాదు) రెండు కిలోమీటరు రాళ్ళ మధ్య కాలాన్ని సెకన్లలో కొలవమనాలి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే నిజ వేగం. 60 సెకన్లు పడితే 60 కి.మీ., 50 సెకన్లు పడితే 72 కి.మీ. గడియారం నొక్కడంలో ఒక సెకను తేడా వచ్చిందనుకుంటే 60 సెకన్లలో అది 1.7 శాతం; ఐదు కిలోమీటర్లకు కొలిస్తే 300 సెకన్లలో అది 0.3 శాతానికి తగ్గుతుంది. రాళ్ళ మధ్య దూరంలో ఉండే చిన్న హెచ్చుతగ్గులు కూడా ఐదు రాళ్ళలో సర్దుకుంటాయి. అదే సమయంలో టాకోమీటరు చూపే చుట్లను రాసుకుంటే, సూత్రాన్ని తిరగవేసి టైరు దొర్లే పరిధిని రాబట్టవచ్చును. టాకోమీటరు సరిగా ఉన్నంతవరకు, సుద్దముక్క పద్ధతికి ఇది మంచి సరిచూపు.

ఇంజను ధ్వని నుండి

టాకోమీటరు లేని కారులో చుట్లను చెవితో పట్టుకోవచ్చును. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకొకసారి పేలుతుంది. కాబట్టి సెకనుకు పేలుళ్ళ సంఖ్య = (చుట్లు ÷ 60) × (సిలిండర్లు ÷ 2). నాలుగు సిలిండర్ల ఇంజను 3,000 చుట్ల వద్ద సెకనుకు 100 సార్లు, మూడు సిలిండర్ల మారుతి 800 ఇంజను 75 సార్లు పేలుతాయి. ధ్వని పౌనఃపున్యాన్ని చూపే ఫోను అప్లికేషనులో ఈ పౌనఃపున్యం దగ్గర స్పష్టమైన శిఖరం కనబడుతుంది. గేరు ఏదో తెలిస్తే కారు లోపల రికార్డు చేసిన ధ్వని నుండి కూడా వేగాన్ని రాబట్టవచ్చునన్నమాట. భౌతికశాస్త్ర ప్రాజెక్టుకు ఇది చక్కని అంశం, కారును పెద్దవారు నడుపుతున్నప్పుడు మాత్రమే.

సూత్రం పనిచేయని చోట్లు

క్లచ్చి జారుతున్నప్పుడు ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగుతుంది. అప్పుడు లెక్క తప్పుతుంది గాని, ఆ తప్పే పనికివస్తుంది. పై కారు ఐదవ గేరులో 90 కి.మీ. వేగానికి 2,980 చుట్లు తిరగాలి. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటరు తొక్కినప్పుడు వేగం 90 దగ్గరే ఉండి టాకోమీటరు 3,400కు ఎగబాకితే క్లచ్చి పలక అరిగిందని అర్థం. బండిని విప్పకుండానే రోగం తెలిసిపోయింది. చక్రాలు బురదలో ఊరక తిరుగుతున్నప్పుడు కూడా లెక్క తప్పుతుంది. అప్పుడు స్పీడోమీటరు కూడా లేని వేగాన్ని చూపుతుంది.

టార్కు కన్వర్టరు గల ఆటోమేటిక్ కార్లలో ఇంజనుకూ గేరు పెట్టెకూ మధ్య నూనె మాత్రమే ఉంటుంది. అది కొంత జారుతూనే ఉంటుంది కనుక, కన్వర్టరును గట్టిగా బిగించే ఏర్పాటు పడిన తరువాతనే ఈ సూత్రం సరిపోతుంది. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో ప్రచారంలోకి వచ్చిన ఏఎంటీ గేరు పెట్టెలు అటువంటివి కావు. అవి మామూలు క్లచ్చి, మామూలు పళ్ళచక్రాలే. డ్రైవరు చేయికి బదులు యంత్రం గేరు మార్చుతుంది. వాటికి సూత్రం యథాతథంగా వర్తిస్తుంది. నెదర్లాండ్స్ దేశపు డాఫ్ సంస్థ 1958లో కార్లలో ప్రవేశపెట్టిన బెల్టు పద్ధతిలోనూ, దాని వారసులైన సీవీటీలలోనూ నిష్పత్తి నిరంతరం మారుతూ ఉంటుంది. అక్కడ చుట్లను బట్టి వేగం చెప్పలేము. చుట్లు, వేగం రెండూ తెలిస్తే ఆ క్షణంలోని నిష్పత్తిని మాత్రం చెప్పవచ్చును.

విద్యుత్ కార్లలో లెక్క మళ్ళీ సులభమైపోతుంది. చాలావాటిలో గేర్లు మార్చే పని లేదు, ఒకే ఒక్క తగ్గింపు ఉంటుంది. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ తొలి నమూనాలో ఆ నిష్పత్తి 7.94, టైర్లు 205/55 ఆర్ 16, మోటారు గరిష్ఠ చుట్లు సుమారు 10,390. టైరు వ్యాసం 406.4 + 225.5 = 631.9 మి.మీ.; దొర్లే పరిధి 1.927 మీటర్లు. వేగం 0.06 × 10390 × 1.927 ÷ 7.94 = 151 కి.మీ. ఆ కారు గరిష్ఠ వేగంగా ప్రకటించినది 145-150 కి.మీ. ఇక్కడ హద్దు గాలి నుండి కాక మోటారు చుట్ల నుండి వస్తున్నది కనుక, పెట్రోలు కారు విషయంలో కుదరని గరిష్ఠ వేగం లెక్క దీనికి కుదిరింది.